నలభై ఏళ్ల కిందటి పనికి ఇప్పుడు క్యాన్సర్ వస్తుందా? మీసోథీలియోమా, ఆస్‌బెస్టాస్ గురించి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాన్నగారికి 67 ఏళ్లు, జీవితంలో సిగరెట్ ముట్టలేదు. కుడివైపు ఛాతీలో నీరు చేరితే రెండుసార్లు తీశారు, మళ్లీ చేరింది. చివరికి బయాప్సీ చేస్తే ఎపిథీలియాయిడ్ రకం మీసోథీలియోమా, అంటే ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరలో పుట్టే క్యాన్సర్, అని వచ్చింది. పెళ్లయిన కొత్తలో ఆయన మూడేళ్లు ఓడల రిపేరు యార్డులో ఆవిరి పైపులకు లాగింగ్, అంటే వేడి బయటికి పోకుండా ఆస్‌బెస్టాస్ పొర, చుట్టే పని చేశారు. అప్పుడు మీరు చంటిపిల్ల. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆఫీసు ఉద్యోగమే. మీరు అడిగినవి మూడు: ఆ మూడేళ్ల పనే కారణమా? ఆ బట్టలు ఉతికిన అమ్మకీ, ఆ ఇంట్లో పెరిగిన మీకూ ప్రమాదం ఉందా? షెడ్డు మీదున్న పాత ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకుల్ని వెంటనే పీకించేయాలా?

ముందు సూటిగా చెప్తాను. ఆ పనే కారణమయ్యే అవకాశం చాలా చాలా ఎక్కువ. అమ్మగారికి మామూలువాళ్లకంటే ప్రమాదం ఎక్కువే, అయినా జబ్బు రాకుండా ఉండే అవకాశమే ఎక్కువ. మీకు ఇప్పుడు ఏ బాధా లేకపోతే స్కాన్ల కోసం పరిగెత్తనక్కర్లేదు. రేకుల్ని మాత్రం తొందరపడి పీకించకండి. పగలకుండా, పొడి రాలకుండా ఉన్న రేకు కంటే దాన్ని సుత్తితో బద్దలుకొట్టే ఆ ఒక్క పూటే ఎక్కువ ప్రమాదం.

నేను ఊపిరితిత్తుల డాక్టర్ని, ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. మీసోథీలియోమా అరుదైన జబ్బు కాబట్టి వందలకొద్దీ చూశానని చెప్పను. చూసిన ప్రతి కేసూ గుర్తుంది.

నలభై ఏళ్లు ఎందుకు పట్టింది అన్నదే అందరికీ నమ్మశక్యంగా అనిపించదు. ఊపిరితిత్తుల చుట్టూ, ఛాతీ గోడ లోపలివైపు ఒక పల్చటి పొర ఉంటుంది. దాన్ని ప్లూరా అంటాం. ఊపిరి తీసుకున్నప్పుడు ఊపిరితిత్తి ఒరుసుకోకుండా జారేది దాని వల్లే. మీసోథీలియోమా పుట్టేది ఆ పొరలో. అంటే ఇది ఊపిరితిత్తి లోపల పుట్టే క్యాన్సర్ కాదు. కడుపులో పేగుల చుట్టూ, గుండె చుట్టూ కూడా ఇలాంటి పొరే ఉంటుంది కాబట్టి అక్కడా రావచ్చు. కానీ ఎక్కువమందికి వచ్చేది ఛాతీలోనే.

ఆస్‌బెస్టాస్ ఒక రకం రాయి. దాన్ని దంచితే పిండి అవ్వదు, పోగులుగా విడిపోతుంది. ఒక్కో పోగు ఇంకా సన్నటి పోగులుగా చీలుతూనే ఉంటుంది. చివరికి మన వెంట్రుక మందంలో వందో వంతు కూడా లేని సూదులు గాల్లో తేలతాయి. అవి కంటికి కనబడవు, వాసన ఉండదు, దగ్గు కూడా రాదు. మామూలు దుమ్మయితే ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. ఇవి సన్నగా ఉండటం వల్ల గాలితోపాటు చివరిదాకా వెళ్లి, కొన్ని ప్లూరాకి చేరతాయి. లోపలికి వచ్చిన చెత్తని మింగి తీసేసే కణాలు మనకున్నాయి. పోగు ఆ కణం కంటే పొడవుగా ఉంటే అది మింగలేదు. సగం మింగి, మిగతా సగం బయటికి పొడుచుకుని ఉండగానే అది చచ్చిపోతూ చుట్టూ విషపదార్థాలు వదులుతుంది. ఇంకో కణం వస్తుంది, దానికీ అదే గతి. పోగు మాత్రం కరగదు, అరగదు. ఈ రాపిడి పదేళ్లు, ఇరవై ఏళ్లు, నలభై ఏళ్లు నడుస్తుంది. ఆ మంట మధ్య పొరలోని కణాల జన్యువులు ఒక్కొక్కటే దెబ్బతింటాయి. పెరుగుదలకి బ్రేకులు వేసే బ్యాప్1 లాంటి జన్యువులు పోయాక, ఏదో ఒక కణం అదుపు తప్పుతుంది.

అందుకే ఆస్‌బెస్టాస్ పీల్చిన రోజుకీ జబ్బు బయటపడే రోజుకీ మధ్య మామూలుగా 20 నుంచి 50 ఏళ్లు ఉంటుంది. మీ నాన్నగారి నలభై ఏళ్లు ఆ లెక్కలోనే పడుతుంది. ఎవరైనా "పోయినేడాది రేకు కోశాను, ఇప్పుడు మీసోథీలియోమా వచ్చింది" అంటే నేను నమ్మను, ఇంకా వెనక్కి వెళ్లి వెతుకుతాను.

ఈ సంబంధం ఊహ కాదు. 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నర్ అనే డాక్టరు, ఆయన సహచరులు ఉత్తర కేప్ ప్రాంతంలోని 33 మంది రోగుల వివరాలు ప్రచురించారు. అక్కడ నీలం ఆస్‌బెస్టాస్ గనులున్నాయి. ఒక్కరు తప్ప అందరికీ దానితో ఏదో ఒక రకంగా సంబంధం దొరికింది. నన్ను ఎప్పుడూ ఆపేసే సంగతి ఏమిటంటే, వాళ్లలో ఎక్కువమంది గనిలో పనిచేసినవాళ్లు కాదు. ఆ చుట్టుపక్కల బతికినవాళ్లు, పిల్లలుగా అక్కడ ఆడుకున్నవాళ్లు. నాలుగేళ్ల తర్వాత అమెరికాలో సెలికాఫ్ మీ నాన్నగారిలాంటి లాగింగ్ పనివాళ్లనే, యూనియన్ రికార్డుల్లోంచి తీసి లెక్కగట్టాడు. ఊపిరితిత్తుల క్యాన్సర్, మీసోథీలియోమా రెండూ వాళ్లలో ఎక్కువగా కనబడ్డాయి. ఇవాళ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆస్‌బెస్టాస్ అన్ని రకాల్నీ, తెల్లదానితో సహా, మనుషుల్లో క్యాన్సర్ తెప్పించే మొదటి వర్గంలో పెట్టింది.

రకాల మధ్య తేడా ఉందా అని అడుగుతారు. ఉంది. నీలం, గోధుమ రంగు రకాల పోగులు నిటారుగా, గట్టిగా ఉంటాయి, ఒంట్లో దశాబ్దాలు ఉండిపోతాయి. తెల్లది వంకరగా ఉంటుంది, కొంత త్వరగా విరిగిపోతుంది. కాబట్టి మీసోథీలియోమా విషయంలో నీలం అన్నిటికంటే ప్రమాదకరం. అయితే దీన్ని పట్టుకుని "మాది తెల్లదే, ఏమీ కాదు" అనేవాళ్ల మాట నమ్మకండి. తక్కువ ప్రమాదం, ప్రమాదం లేకపోవడం ఒకటి కాదు. ఇంత మోతాదు దాకా పీల్చినా ఫర్వాలేదు అనే గీత ఇప్పటిదాకా ఎవరూ గీయలేకపోయారు.

మూడేళ్లే కదా అన్నారు. ఎంత ఎక్కువ పీలిస్తే అంత ప్రమాదం, ఎంత చిన్న వయసులో పీలిస్తే అంత ప్రమాదం, ఎందుకంటే ఆ నలభై ఏళ్లు బతకడానికి టైం ఉంటుంది. ఓడ లోపల ఇంజన్ గది ఎలా ఉంటుందో నాన్నగారిని అడగండి. గాలి ఆడదు. పాత లాగింగ్‌ని ఉలితో కొట్టి ఊడదీస్తారు, కొత్తదాన్ని పొడిగా కోసి, నీళ్లతో కలిపి పూస్తారు. నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన చెప్పిన మాట: "సార్, పక్కన పనిచేసేవాడి ముఖం కనబడేది కాదు. సాయంత్రం కనురెప్పల మీద తెల్లగా ఉండేది, ఊదుకునేవాళ్లం." ఆయన ఆ పని చేసింది పద్నాలుగు నెలలు.

ఆయన కేసు కాస్త వివరంగా చెప్పాలి, మీకు పనికొస్తుంది. మొదటిరోజు ఏం పని చేసేవారని అడిగితే "డ్రైవర్ని" అన్నారు. నిజమే, ముప్ఫై ఏళ్లు డ్రైవరే. ఛాతీలో నీరు తీసి పరీక్షకి పంపితే లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు ఎక్కువ ఉన్నాయని వచ్చింది. అలా వస్తే టీబీ అనుకోవడం మాకు అలవాటు, నాకంటే ముందు చూసిన డాక్టరు ఆరు నెలల టీబీ మందులు మొదలుపెట్టారు. మూడు నెలలైనా నీరు తగ్గలేదు, బరువు తగ్గింది. అప్పుడు నేను థొరకోస్కోపీ చేశాను. పక్కటెముకల మధ్య చిన్న రంధ్రం పెట్టి సన్నటి కెమెరా పంపిస్తాం. మామూలుగా నున్నగా మెరిసే ప్లూరా మీద తెల్లటి బుడిపెలు, చిన్న ద్రాక్షగుత్తుల్లా, ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే డయాఫ్రమ్ కండరం దాకా పరుచుకుని ఉన్నాయి. బయాప్సీ వచ్చాక మళ్లీ కూర్చోబెట్టి పద్దెనిమిదో ఏటినుంచి ఒక్కో సంవత్సరం అడుగుతూ వచ్చాను. అప్పుడు బయటికొచ్చింది బాయిలర్ దగ్గర హెల్పరుగా చేసిన ఆ పద్నాలుగు నెలలు. "అది ఉద్యోగం కాదు కదా సార్, అందుకే చెప్పలేదు" అన్నారు. మొదటిరోజే నేను అలా అడిగుంటే వెంటనే బయాప్సీకి వెళ్లేవాళ్లం. ఆ రోజునుంచి ఛాతీలో నీటితో వచ్చిన ఎవర్నీ "ఏం పని చేస్తారు" అని అడగను. "ఇప్పటిదాకా ఏమేం పనులు చేశారు, మొదటి పని ఏది" అని అడుగుతాను.

నీటి పరీక్ష ఒక్కదానితో ఈ జబ్బు చాలాసార్లు దొరకదు. ముక్క తీయాల్సిందే. తీసిన ముక్క కూడా ఊపిరితిత్తుల క్యాన్సర్‌లా కనిపించే అవకాశం ఉంటుంది కాబట్టి కాల్‌రెటినిన్, డబ్ల్యూటీ1 లాంటి ప్రత్యేకమైన రంగు పరీక్షలు చేసి విడదీస్తారు. మీ రిపోర్టులో ఆ పేర్లు ఉన్నాయేమో చూడండి. లేకపోతే అడగండి. అనుమానం ఉంటే స్లైడులు ఇంకో అనుభవమున్న పాథాలజిస్టుకి చూపించమనడంలో తప్పేం లేదు, ఈ జబ్బులో అది మంచి పద్ధతి.

సిగరెట్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే "సిగరెట్ తాగకుండా ఎలా వచ్చింది" అని మీరు రాశారు. మీసోథీలియోమాకి సిగరెట్‌తో సంబంధం లేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి ఉంది, ఆస్‌బెస్టాస్‌తో కలిస్తే అది భయంకరంగా పెరుగుతుంది. సెలికాఫ్ బృందం 1979లో వేసిన లెక్కలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు ఆస్‌బెస్టాస్ ఒక్కటే అయితే సుమారు 5 రెట్లు, సిగరెట్ ఒక్కటే అయితే 10 రెట్లకు పైన, రెండూ కలిస్తే 50 రెట్లకు పైన. కాబట్టి నాన్నగారితో ఆ యార్డులో పనిచేసినవాళ్లు ఎవరైనా ఇంకా సిగరెట్ తాగుతుంటే, మానేయమని చెప్పడానికి ఇంతకంటే బలమైన కారణం లేదు.

ఆస్‌బెస్టాస్ ముట్టనివాళ్లకి రాదా? వస్తుంది, తక్కువగా. చిన్నప్పుడో యవ్వనంలోనో ఛాతీకి రేడియేషన్ తీసుకున్నవాళ్లకి, పుట్టుకతోనే బ్యాప్1 జన్యువులో లోపం ఉన్న కుటుంబాలకి రావచ్చు. టర్కీలో కప్పడోకియా ప్రాంతంలో కొన్ని ఊళ్లున్నాయి. అక్కడి అగ్నిపర్వత రాయిలో ఎరియొనైట్ అనే పోగుల ఖనిజం ఉంది, జనం ఆ రాయితోనే ఇళ్లు కట్టుకున్నారు. ఆ ఊళ్లలో చావుల్లో చాలా భాగం మీసోథీలియోమావే. ఎరియొనైట్ ఆస్‌బెస్టాస్ కాదు. సన్నగా, పొడవుగా, కరగకుండా ఉండే పోగు ఏదైనా ప్లూరాని ఇలాగే బాధపెట్టగలదని ఆ ఊళ్ల వల్ల మాకు తెలిసింది.

ఇక అమ్మగారి విషయం. 1965లో లండన్‌లో న్యూహౌస్, థాంప్సన్ అనే ఇద్దరు 76 మంది మీసోథీలియోమా రోగుల్ని పరిశీలిస్తే, వాళ్లలో 9 మంది ఆస్‌బెస్టాస్ పని అసలు చేయలేదు, ఆ పని చేసేవాళ్లతో ఒకే ఇంట్లో ఉన్నారంతే. ఎక్కువగా భర్తల బట్టలు ఉతికిన భార్యలు. నేనూ అలాంటి ఒకావిడకి వైద్యం చేశాను. ఎప్పుడూ ఇల్లు దాటి పనికెళ్లలేదు. "నానబెట్టే ముందు చొక్కా పట్టుకుని గట్టిగా రెండుసార్లు దులిపేదాన్ని డాక్టరుగారూ, లేకపోతే నీళ్లన్నీ పాలలా అయిపోయేవి" అని చేతులతో చేసి చూపించింది. ఆ దులపడమే చాలు. ఆవిడ భర్తకి మాత్రం ఏమీ కాలేదు. ఒకే దుమ్ము ఇద్దరూ పీల్చినా ఒకరికి వస్తుంది, ఒకరికి రాదు. ఇది చెప్పేది అమ్మగారిని భయపెట్టడానికి కాదు. లాగింగ్ పనివాళ్లలోనే ఎక్కువమందికి మీసోథీలియోమా రాదు, ఇంట్లోవాళ్లకి ఇంకా తక్కువ. ఆవిడకి కావాల్సింది రెండే: వెళ్లిన ప్రతి డాక్టరుకీ ఈ సంగతి చెప్పాలి. విడవని ఆయాసం, ఒకవైపు ఛాతీనొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, కడుపు ఉబ్బరించి నీరు చేరడం, వీటిలో ఏదైనా వస్తే "వయసు కదా" అని వదిలేయకూడదు. మీకూ ఇదే.

ఏటా సీటీ స్కాన్ తీయించుకుంటే ముందే దొరుకుతుందా అని చాలామంది అడుగుతారు. మీసోథీలియోమాని అలా ముందే పట్టి ప్రాణం నిలిపినట్టు ఇప్పటిదాకా రుజువు లేదు. ఎవరి ఎక్స్‌రేలోనైనా ప్లూరా మీద సున్నపు మచ్చలు, అంటే ప్లాకులు కనిపిస్తే కంగారుపడకండి. అవి ఆస్‌బెస్టాస్ పీల్చిన గుర్తులు, అవి క్యాన్సర్‌గా మారవు. ప్లాకులున్న ఒక వెల్డరు టెన్షన్‌తో ఏడాదిపాటు నిద్రపోలేదు. ఆ రిపోర్టు ఇచ్చినప్పుడే ఎవరైనా రెండు నిమిషాలు కూర్చుని ఈ ముక్క చెప్పాల్సింది.

వైద్యం గురించి మీరు అడగలేదు, అడగడానికి భయపడ్డారేమో. దాచకుండా చెప్తాను. ఇది నయమైపోయే జబ్బు అని చెప్పలేను. కానీ నేను నేర్చుకున్నప్పటికంటే ఇప్పుడు చేతిలో ఎక్కువ ఉన్నాయి. 2004లో పెమెట్రెక్సెడ్, సిస్‌ప్లాటిన్ కలిపిన కీమోకి అమెరికాలో అనుమతి వచ్చింది. 2020లో నివోలుమాబ్, ఇపిలిముమాబ్ అనే రెండు ఇమ్యునోథెరపీ మందుల (ఒంటి రక్షణ వ్యవస్థనే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందులు) జంటకి అక్కడే అనుమతి వచ్చింది. ఆ జంటని కీమోతో పోల్చి చూసిన ట్రయల్‌లో కీమో తీసుకున్నవాళ్ల మధ్యస్థ ఆయుర్దాయం సుమారు 14 నెలలు, ఈ జంట తీసుకున్నవాళ్లకి సుమారు 18 నెలలు. మధ్యస్థం అంటే సగంమంది అంతకంటే ఎక్కువ బతికారని. జీవశాస్త్రవేత్త స్టీఫెన్ జే గౌల్డ్‌కి 1982లో కడుపులో వచ్చే రకం మీసోథీలియోమా ఉందని తేలినప్పుడు పుస్తకాల్లో మధ్యస్థం 8 నెలలే. ఆయన ఇంకో ఇరవై ఏళ్లు బతికి, చివరికి వేరే క్యాన్సర్‌తో చనిపోయారు. అందరికీ అలా జరుగుతుందని కాదు, నెలల లెక్కని తీర్పులా చదవకండి. మీ నాన్నగారిది ఎపిథీలియాయిడ్ రకం, మూడు రకాల్లో కాస్త నెమ్మదైనది అదే.

పెద్ద ఆపరేషన్ చేయిస్తే పూర్తిగా పోతుందని ఎవరైనా గట్టిగా చెబితే ఇంకో అభిప్రాయం తీసుకోండి. బ్రిటన్‌లో జరిగిన మార్స్ 2 ట్రయల్‌లో కీమోతోపాటు ప్లూరా ఒలిచే పెద్ద ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, కీమో ఒక్కటే తీసుకున్నవాళ్లకంటే ఎక్కువకాలం బతకలేదు, ఇబ్బందులు ఎక్కువపడ్డారు. నీరు మళ్లీ మళ్లీ చేరుతుంటే మాత్రం ఇప్పుడే మాట్లాడండి. ప్రతిసారీ సూదితో తీయక్కర్లేదు. టాల్క్ అనే పొడి వేసి ఊపిరితిత్తి మీది ప్లూరానీ, ఛాతీ గోడ మీది ప్లూరానీ అంటించొచ్చు, లేదా సన్నటి గొట్టం ఛాతీలో ఉంచి పంపిస్తే ఇంట్లోనే సీసాలోకి తీసుకోవచ్చు. ఆయాసం తగ్గి మనిషి నాలుగడుగులు నడిస్తే ఆ ఇంట్లో వాతావరణమే మారుతుంది, ఇది నేను చాలాసార్లు చూశాను. నొప్పికి, ఆయాసానికి చూసే పాలియేటివ్ డాక్టర్ని మొదటినుంచే కలుపుకోండి, చివరికి కాదు.

రేకుల గురించి. సిమెంటు రేకులో పోగులు సిమెంటులో బిగుసుకుని ఉంటాయి, ఊరికే కూర్చుంటే ఊడవు. కోయడం, డ్రిల్ చేయడం, పగలగొట్టడం, బ్రష్‌తో రుద్దడం, ప్రెషర్‌తో నీళ్లు కొట్టి కడగడం, ఈ అయిదూ చేయకండి. రేకు బాగానే ఉంటే పైన పెయింట్ వేయించి వదిలేయండి. పగిలి, అంచులు పీచు పీచుగా రాలుతుంటే తీయించాల్సిందే. అప్పుడు ఆ పని తెలిసినవాళ్లతో, బాగా తడిపి, బోల్టులు విప్పి రేకుని రేకులా దించి, మందమైన ప్లాస్టిక్‌లో చుట్టి, మీ దగ్గర చట్టం ప్రకారం ఎక్కడ వేయాలో అక్కడే వేయించాలి. రాలిన పొడిని చీపురుతో ఊడ్చకండి, మామూలు వ్యాక్యూమ్ పెట్టకండి, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డనీ రేకులు చుట్టిన ప్లాస్టిక్‌లోనే పడేయండి. ముక్కుకి చేతిరుమాలు, గుడ్డ మాస్కు కట్టుకోవడం ఈ పోగులకి అడ్డం కాదు.

నాన్నగారికి ఓపిక ఉన్న ఒక సాయంత్రం పక్కన కూర్చుని ఒక కాగితం మీద రాయండి: ఆ యార్డు పేరు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఏ ఓడల్లో, ఏ పైపుల మీద, ఏ సరుకు వాడారు, బస్తా మీద ఏం రాసుండేది, పక్కన ఎవరెవరు పనిచేశారు. జీతం చీటీయో, గుర్తింపు కార్డో, పాత ఫొటోయో ఉంటే దానికి జతచేయండి. వృత్తి వల్ల వచ్చిన జబ్బుకి పరిహారం అడగాలంటే ఈ కాగితం లేకుండా కుదరదు, ఆయన జ్ఞాపకం తప్ప దీనికి ఇంకో చోటు ఉండకపోవచ్చు. అడిగేటప్పుడు నెమ్మదిగా అడగండి. బయాప్సీ వచ్చిన రోజు ఆ డ్రైవరు పెద్దాయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న తన గురించి కాదు. "మా ఆవిడకి నా బట్టల వల్ల ఏమన్నా అవుతుందా?" అని. మీ నాన్నగారి మనసులోనూ అదే ఉండొచ్చు. ఆ దుమ్ము ఏం చేస్తుందో ఆయనకి ఎవరూ చెప్పలేదని, ఇందులో ఆయన తప్పు ఏమీ లేదని ఆ కాగితం రాసే ముందే చెప్పండి.